ఫ్యాన్ చప్పుడు ఆగిన మధ్యాహ్నం

అది 2022 ఎండాకాలం. మహబూబ్‌నగర్‌లో బస్టాండుకు దగ్గరలోనే మా కంప్యూటర్ షాపు. మా ఆయన సీసీ కెమెరాలు బిగించడానికి ఊళ్ళ మీద తిరుగుతాడు. కంప్యూటర్లు అమ్మడం, విప్పడం, బిగించడం నా పని. కౌంటర్ వెనక ఆడమనిషిని చూసి "సార్ లేడా?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. "సార్ ఉన్నడు గని, స్క్రూడ్రైవర్ నా దగ్గర ఉంటది" అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు వెనక్కి పోతారు. పోనీ, నాకేం.

ఆఫీసు కంప్యూటర్ కొనేవాళ్ళతో పని తొందరగా అయిపోతుంది. గేమింగ్ కంప్యూటర్ కావాలని వచ్చేవాళ్ళతోనే తల తినేసినట్టు ఉంటుంది. వాళ్ళు తయారైన డబ్బా కొనరు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు అని ఒక్కో భాగం ఏరుకుని తమ చేతులతో బిగించుకుంటామంటారు. నిజం చెప్పాలంటే నాకు వాళ్ళంటేనే ఇష్టం. కాకపోతే ఆ మాట వాళ్ళకు తెలియనివ్వను.

మల్లేశ్ అట్లాగే వచ్చాడు. ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో. జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. ఇల్లు కోస్గి దాటి లోపలికి పోతే వచ్చే ఊళ్ళో. గొర్లు కాసుకుని, ఇంత జొన్న, కంది వేసుకునే కుటుంబం. పని చేసే చోట దోస్తులంతా కలిసి గేమ్ ఆడుతుంటే ఇతను మాత్రం పగిలిన ఫోన్‌లో ఆడి ఆడి వాళ్ళ చేత మాటలు పడ్డాడట.

"అక్కా, గ్రాఫిక్స్ కార్డు పెద్దది కావాలె. డబ్బాకు అద్దం ఉండాలె. లోపట రంగు రంగుల లైట్లు ఎలగాలె. గా ఎస్‌ఎంపీఎస్ ఏదో జర సస్తాది పెట్టు."

నాకు ఒళ్ళు మండింది. ఎస్‌ఎంపీఎస్ అంటే ఇంటి కరెంటును తీసుకుని, లోపలి భాగాలకు సరిపోయేట్టు మార్చి పంచే పెట్టె. అది చెడిపోతే మిగతా వాటన్నిటినీ తనతో పాటు కాల్చేస్తుంది. "లైట్లే కావాలంటే పెండ్లి డెకరేషనోళ్ళ దగ్గరికి పో తమ్మీ. గింత పెద్ద కార్డు పెట్టి నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పెడితే కార్డూ పోతది, నువ్వు నన్ను తిట్టుకుంట కూసుంటవ్" అన్నాను. కాసేపు బేరమాడాడు, అలిగాడు, చివరికి ఒప్పుకున్నాడు. మంచి ఎస్‌ఎంపీఎస్ తీసుకుని లైట్లు తగ్గించుకున్నాడు. క్యాబినెట్, అంటే ఇవన్నీ బిగించే డబ్బా, గట్టి ఇనుప రేకుది ఇచ్చాను.

ప్రతివాళ్ళకూ చెప్పినట్టే అతనికీ చెప్పాను. "ప్లగ్గుకు మూడో పిన్ను విరగ్గొట్టకు. అది ఎర్త్ పిన్ను. మీ ఇంట్ల ఎర్తింగ్ ఉందా?"

"మస్తుగుంది అక్కా. బాపు కడ్డీ పాతిండు. అమ్మ రోజు నీళ్ళు పోస్తది."

దారి తప్పిన కరెంటును నేలలోకి దింపే ఎర్తింగ్ గుంత తడిగా ఉండాలన్నది మా పనిలో అందరికీ తెలిసిన మాటే. పెద్ద పెద్ద ఆఫీసులవాళ్ళే దాన్ని పట్టించుకోరు. ఈ గొర్లకాపరి ఇంట్లో రోజూ నీళ్ళు పోస్తున్నారంటే నాకు ముచ్చటేసింది. "శభాష్, గట్లుండాలె" అని కూడా అన్నాను.

సెలవు రోజున ఇంట్లో కూర్చుని, ఎట్లా బిగించాలో వీడియో కాల్‌లో నన్ను చూపించమంటూ, తనే అంతా బిగించుకున్నాడు. మొదటిసారి స్క్రీన్ వెలిగినప్పుడు ఆ ఇంట్లో వేసిన కేకకు ఫోన్ ఇవతల నేనూ గట్టిగా నవ్వాను. వాళ్ళమ్మ బాలమ్మ వెనక నుంచి తొంగిచూసి "గింతకేనా గంత లొల్లి?" అంది.

కొన్ని రోజులకే ఫోన్లు మొదలయ్యాయి. ఆడుతుంటే కంప్యూటర్ దానంతటదే ఆగి, మళ్ళీ మొదలవుతోందట. ర్యామ్ తీసి పెట్టించాను. వైర్లన్నీ మళ్ళీ నొక్కించాను. ఉహూఁ. ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు, మల్లేశ్‌కూ సెలవే. ఇవాళ దీని సంగతి తేల్చేద్దామని వీడియో కాల్ చేశాను.

"గేమ్ నడిపించు తమ్మీ. ఆగేటప్పుడు ఎట్ల ఆగుతాందో నేను సూడాలె."

గేమ్ మొదలైంది. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్న చప్పుడు నా ఫోన్‌లోకి కూడా వస్తోంది. పెద్ద కార్డు పనిలో పడితే కరెంటు బాగా లాగుతుంది, ఫ్యాన్లు అట్లాగే అరుస్తాయి.

"పొద్దుగాల మంచిగనే ఉంటది అక్కా. ఎండ ఎక్కినంకనే గీ లొల్లి. అమ్మ కడ్డీకి నీళ్ళు పోస్తె మల్ల మంచిగైతది."

నాకు అర్థం కాలేదు. ఎర్తింగ్‌కు నీళ్ళు పోస్తే కంప్యూటర్ ఆగకుండా నడవడమేమిటి? ఎర్త్ వైరు ఆపదకు అడ్డుపడేదే తప్ప కంప్యూటర్ నడిపేది కాదు.

"డబ్బా ముట్టుకుంటే ఏమన్న అయితాందా?"

"జర జుమ్మంటది. ఏం గాదు, చెప్పులేసుకొని ఆడుతున్న" అని నవ్వాడు.

"మల్లేశ్, మీ ఇంటికి వైర్లు ఎన్నొస్తయి?"

"ఒక్కటే అక్కా. గొర్ల దొడ్డి కాడ ఇల్లు గద, ఊరి కరెంటు ఈడిదాంక రాదు. బోరు స్టార్టర్ కాడికెల్లి ఒక వైరు గుంజినం. రెండోది కడ్డీకి కట్టినం. నువ్వు చెప్పినవని మూడో పిన్ను గూడ గా కడ్డీకే కలిపిన."

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. కరెంటు పనిచేయాలంటే తెచ్చే వైరు ఒకటి, తిరిగి తీసుకుపోయే వైరు ఒకటి కావాలి. తెచ్చేది ఫేజ్, తీసుకుపోయేది న్యూట్రల్. బోరు మోటారు మూడు ఫేజ్‌లతోనే తిరుగుతుంది కాబట్టి మా వైపు చాలా పొలాల్లోకి న్యూట్రల్ వైరు రాదు. దొడ్డి దగ్గర బల్బు వెలగాలంటే మావాళ్ళు ఏళ్ళ నుంచి చేసే పని ఒకటుంది. స్టార్టర్ నుంచి ఒక ఫేజ్ లాగి, న్యూట్రల్‌కు బదులు భూమిలో ఇనుప కడ్డీ పాతి, రెండో వైరును దానికి కడతారు. నేల తడిగా ఉన్నంతసేపు బల్బు బాగానే వెలుగుతుంది. ఎండితే మసకబారుతుంది. అప్పుడు బిందెడు నీళ్ళు పోస్తారు.

ఒక బల్బుకు అది ఎట్లాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడు దాని మీద నేనిచ్చిన పెద్ద కార్డు పడింది, కరెంటు చాలక కంప్యూటర్ ఆగిపోతోంది. ఎండిన నేలలోకి దిగలేని కరెంటు ఆ కడ్డీ మీదే నిలబడుతోంది. అదే కడ్డీకి మూడో పిన్ను కూడా కలిపాడు కనుక డబ్బా రేకు మీదికీ అదే కరెంటు వస్తోంది.

"తమ్మీ, కడ్డీ కాడ ఎవరికన్న ఏమన్న అయిందా?" అని అడిగాను.

"మనుషులకు ఏం గాలె. మొన్న ఒక గొర్రె గాడనే ఎగిరి పడి సచ్చిపోయింది. రోగమేమో అని మందంతటికి మందు తాపినం."

"మీ అమ్మ యాడుంది?"

"గిప్పుడే బిందె పట్టుకొని కడ్డీ కాడికి పోయింది. అక్క ఫోన్‌ల సూస్తాంది, కంప్యూటర్ మంచిగ నడవాలె అని."

నేను కుర్చీలోంచి లేచాను. ఎట్లా అరిచానో నాకే తెలియదు. "అమ్మ కింద పడ్డా ముట్టకు! ముందు స్టార్టర్ బంద్ చెయ్! అమ్మ దిక్కు ఉరుకకు, స్టార్టర్, స్టార్టర్!"

స్క్రీన్ గిర్రున తిరిగింది. ఫోన్ కింద పడింది. ఇక నాకు కనిపించేది పైకప్పు రేకులు మాత్రమే. అతను నా మాట పూర్తిగా విన్నాడో, "అమ్మ" అన్నది మాత్రమే విని ఉరికాడో తెలియదు. తల్లి పడిపోయి ఉంటే ఏ కొడుకైనా ఏం చేస్తాడు? పోయి పట్టుకుంటాడు. పట్టుకుంటే ఇద్దరూ పోతారు.

ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు వినిపిస్తోందంటే కరెంటు ఇంకా ఉన్నట్టే. నేను "మల్లేశ్! మల్లేశ్!" అని ఫోన్‌లోకి అరుస్తూనే ఉన్నాను. గేమ్ నడిపించమన్నది నేను. ఆ కార్డు ఎంత ఎక్కువ కరెంటు లాగితే ఆ కడ్డీ అంత ప్రమాదం. ఆపమని చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. నా కంప్యూటర్, నేను ఏరి ఇచ్చిన ముక్కలు, అక్కడ ఒక్కటే కూర్చుని హాయిగా తిరుగుతున్నాయి.

అప్పుడు దూరంగా ఒక ఆడమనిషి కేక వినిపించింది. వెంటనే బిందె బండ మీద పడిన చప్పుడు. గొర్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. ఫ్యాన్లు ఆగలేదు. బయటి నుంచి వచ్చిన మా ఆయన నన్ను చూసి "ఏమైంది పద్మా?" అన్నాడు. ఫోన్ చూపించాను.

ఫ్యాన్లు ఆగిపోయాయి.

అంతా నిశ్శబ్దం. అతను స్టార్టర్ బంద్ చేశాడా? లేక రోజూలాగే కంప్యూటర్ దానంతటదే ఆగిందా? అట్లా ఆగితే మళ్ళీ మొదలవుతుంది కదా. నేను ఫోన్ చెవికి ఆనించుకుని, మళ్ళీ ఆ ఫ్యాన్ తిరగకూడదని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. రోజంతా నేను వినాలనుకునే చప్పుడది. ఆ మధ్యాహ్నం మాత్రం దాన్ని వినడానికి భయపడ్డాను.

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. పైకప్పు రేకులు కదిలాయి. ఒక ముఖం వచ్చింది. జుట్టు చెదిరి, చీరంతా బురదతో బాలమ్మ.

"బిడ్డా, కంప్యూటర్ అక్కవు నువ్వేనా? మా పోరడు ఒక్కతీరుగ ఏడుస్తుండు. జర నువ్వన్న చెప్పు, నాకేం గాలె అని."

నేను చెప్పలేకపోయాను. అక్కడ వాళ్ళబ్బాయి ఏడుపు, ఇక్కడ నాది.

జరిగింది తర్వాత తెలిసింది. ఒట్టి కాళ్ళతో బురదలో నిలబడి నీళ్ళు పోస్తుంటే బిందె మూతి కడ్డీకి తగిలింది. బాలమ్మను ఎవరో గట్టిగా నెట్టినట్టు వెనక్కి విసిరేసింది. అదృష్టం బాగుండి పొడి నేల మీద పడింది. మల్లేశ్ ముందు తల్లి వైపే రెండు అంగలు వేశాడట. నా అరుపు వెనకనుంచి వినిపించి, ఏడుస్తూనే వెనక్కి తిరిగి, గొర్ల కర్రతో స్టార్టర్ బంద్ చేసే బటన్ మీద కొట్టాడట. "అమ్మను ఇడిసిపెట్టి పోవుడు నాతోని గాలె అక్కా, కాళ్ళు రాలె. నువ్వు తిట్టినట్టు ఒర్రినవు గద, గందుకే పోయిన" అన్నాడు. నా నోటి దురుసు మీద ఇంట్లోవాళ్ళకు చాలా ఫిర్యాదులున్నాయి. ఆ ఒక్కరోజు అది పనికొచ్చింది. బాలమ్మను కోస్గి దవాఖానకు తీసుకుపోయి చూపించారు. ఆమె కుడిచేయి మాత్రం చాలా రోజులు వణికింది.

మర్నాడు నేనూ మా ఆయనా వాళ్ళ ఊరికి పోయాం. మల్లేశ్ వాళ్ళ బాపు మంచంలో కూర్చుని బీడీ కాలుస్తూ మా మాట కొట్టిపారేశాడు. "నేను పాతిన కడ్డీ అది. ఇన్నేండ్లు ఏం గాలె. మీ డబ్బల్నే ఏదో ఐబుంది" అన్నాడు. వాదించడం దండగ. మా ఆయన అందరినీ దూరంగా నిలబెట్టి, మందపాటి రబ్బరు చెప్పులేసుకుని, కరెంటు పెట్టించి, టెస్టర్ కడ్డీకి ఆనించాడు. ఫేజ్ వైరుకు పెట్టినట్టే టెస్టర్‌లో దీపం వెలిగింది. పెద్దాయన బీడీ పారేశాడు. లేచి పోయి, చచ్చిన గొర్రె పడిన చోటును, బాలమ్మ నిలబడిన చోటును చూసి వచ్చాడు. రెండింటికీ మధ్య ఒక జానెడు దూరం కూడా లేదు.

అప్పటికప్పుడే ఆ వైరు ఊడదీయించాం. తర్వాత లైన్‌మన్‌ను పిలిపించి ఊరి స్తంభం నుంచి దొడ్డి దాకా కొత్త లైను లాగించి, న్యూట్రల్‌తో సహా ఇంటి కనెక్షన్ తీసుకున్నారు. వేరే గుంత తీసి, ఎర్త్‌ను దానికి మాత్రమే కలిపారు. కరెంటు ఏ కొంచెం దారి తప్పినా వెంటనే లైను కొట్టేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్చి మా ఆయన బిగించాడు. అన్నీ అయ్యేదాకా కంప్యూటర్ గోనెసంచి కప్పుకుని మూలన కూర్చుంది. మల్లేశ్ దాన్ని వాపసు తీసుకొమ్మన్నాడు. వద్దన్నది బాలమ్మే. "దాని తప్పేముంది? పోరడు మోజుపడి చేసుకున్నడు" అంది. అంటూనే మొదటిసారి ప్లగ్గు పెట్టేటప్పుడు కొడుకు చొక్కా వెనకనుంచి పట్టుకుని నిలబడింది.

అప్పటి నుంచి గేమింగ్ కంప్యూటర్ కోసం ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఏ గేమ్ ఆడతావని కాదు. మీ ఇంటికి కరెంటు యాడికెల్లి వస్తది, వైర్లు ఎన్ని, కడ్డీకి ఏమేం కట్టిన్రు అని అడుగుతాను. "కంప్యూటర్ కొననీకి వస్తె గివన్ని ఎందుకు మేడం?" అని విసుక్కునేవాళ్ళున్నారు. విసుక్కోనీ. నేను అమ్మే ముక్కలన్నీ కలిసి గోడ దగ్గర ఆగిపోవు. గోడ వెనక వైరులోకి, ఆ వైరు చివర నేలలోకి, ఆ నేల మీద చెప్పుల్లేకుండా నడిచే మనుషుల దాకా పోతాయి.

వీడియో కాల్‌లో ఇప్పటికీ రోజూ ఎవరో ఒకరికి కంప్యూటర్ బిగింపు చూపిస్తుంటాను. అవతల ఫ్యాన్ చప్పుడు చటుక్కున ఆగితే మాత్రం నా చేతిలో స్క్రూడ్రైవర్ అట్లాగే ఆగిపోతుంది. "ఆగిపోయింది అక్కా, ఏం పోయింది?" అని వాళ్ళు గాబరాగా అడుగుతారు. ఏ ముక్క పోయిందో తర్వాత చూడొచ్చు. ముందు నేను అడిగే మాట ఒక్కటే.

"ఇంట్ల అందరు యాడున్నరు?"