మేడం కోసం పెంచిన అక్షరాలు

పాప పడుకున్నాక లాప్‌టాప్ తెరిస్తే, లోపలి ఫ్యాన్ గురగురమంది, తెర నిండా ఇంత లావు అంకెలు వచ్చాయి. 6.2, 6.2, 6.2. వారం వారం పాప బరువు, కిలోల్లో. లెక్క రాస్తే కిందే జవాబు చూపించే ఆ నోట్‌బుక్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను అంత పెద్దవి చేసింది నేనే, బాపట్ల కాలేజీలో చదివేటప్పుడు. మా లెక్కల లెక్చరర్ సువార్త మేడం కోసం. ఆ ఫైలునే ఇప్పటికీ వాడుకుంటున్నాను.

అప్పటికే మేడంకి చూపు మందగిస్తోంది. ల్యాబ్‌లో నా పక్కన కూర్చుని, "ఇంకొంచెం పెంచమ్మా, సినిమా పోస్టరంత చెయ్. వెనక బెంచీ వాళ్ళు కూడా కాపీ కొట్టుకుంటారు" అనేవారు. జవాబులు చూడముచ్చటగా ఉండాలని ఒకరోజు ఫైలు మొదట్లో నేనొక వరుస రాశాను, దశాంశం తర్వాత రెండంకెలే చూపించమని. రెండు పద్ధతుల్లో చేసిన ఒకే లెక్కకి తేడా 0.00 అని వచ్చింది. రికార్డులో "తేడా లేదు" అని రాసేశాను.

"లేదని ఎవరు చెప్పారు నీకు?"

"సున్నా వచ్చిందండి మేడం."

"రెండంకెలే చూపించమన్నది నువ్వే కదా. పాపం, చెప్పిన మాట విన్నది." నా వరుస తీసేసి మళ్ళీ నడిపించారు. 0.0038. "చూడు, ఉన్నది ఎక్కడికీ పోలేదు. నువ్వు చూడనన్నావు, అంతే."

తర్వాత మేడం రిటైరై రేపల్లె వెళ్ళిపోయారు. నాకు ఏడో నెల ఉండగా నేను ఫోన్ చేస్తే ఆవిడ గొంతు సన్నగా, ఎక్కడి నుంచో వస్తున్నట్టు వినిపించింది. ఒంట్లో ఎలా ఉందండీ అని అడిగాను.

"ఏం లేదమ్మా, కాస్త నీరసం. ఆ పొట్టేసుకుని రైలెక్కి రాకు. బిడ్డని ఎత్తుకుని వద్దువుగాని."

మా తెనాలి నుంచి రేపల్లె ఎంత, గంట ప్రయాణం. ఆ గొంతు విని కూడా నేను రెండోసారి అడగలేదు. ఆవిడ చూపించినంతే చూశాను, నాకూ అదే సుఖంగా అనిపించింది. పాప పుట్టిన ఇరవయ్యో రోజున, మేడం పోయారని స్నేహితురాలు చెప్పింది. ఏడాదిగా జబ్బుతో ఉన్నారట. బాలింతనని భూస్థాపనకు కూడా ఎవరూ వెళ్ళనివ్వలేదు.

పోయిన నెల జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి పాప పాలు సరిగా తాగడం లేదు. "పళ్ళొచ్చే ముందు అంతేనే, ఊరికే బెంగెట్టుకోకు" అంటుంది అమ్మ. బెంగ పెట్టుకోకూడదనే, ఫైలు మొదట్లో మళ్ళీ ఒక వరుస రాసుకున్నాను. దశాంశం తర్వాత ఒక్క అంకె చాలని. మూడు వారాలుగా ఆ 6.2 చూసుకుని నిద్రపోతున్నాను.

ఇవాళ ఆ వరుస తీసేశాను. 6.24, 6.20, 6.16.

వంటింట్లో ఉన్న అమ్మని పిలిచాను.

"ఏంటే, లేచిందా?"

"లేదమ్మా. పాప బరువు తగ్గుతోంది. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తెర ముందు వంగింది. కళ్ళజోడు లేకుండానే మూడు అంకెలూ చదివింది.