కొబ్బరి మొద్దులోని ఈగ

మా అమ్మకు ముక్కు మీద కోపం. కొమ్ముపురుగు పేరెత్తితే ఆ కోపానికి ఇక పట్టపగ్గాలుండవు. మా దీవిలోని ఫెరార్‌గంజ్ ఊళ్ళో ఆవిడ పెంచుకున్న కొబ్బరిచెట్లలో సగానికి మొవ్వు తొలిచి పడగొట్టిందది. మిగిలినవైనా దక్కుతాయా అన్నదే ఆవిడ దిగులు. ఆ పురుగు గుడ్లు పెట్టేది కుళ్ళిన మొద్దుల్లో. అందుకని అమ్మ పడిపోయిన మొద్దుల్ని గొడ్డలితో చీల్చి, లోపలున్న తెల్లటి పిల్లపురుగుల్ని ఏరి కోళ్ళకు వేసేది. పట్నంలో, మిడిల్ పాయింట్‌లో ఆఫీసు ఉద్యోగం చేసుకునే నేను ఆదివారాలు వెళ్ళి సాయం పట్టేదాన్ని.

కిందటేడు ఒక మొద్దులో బొటనవేలంత లావు పిల్లపురుగు కదలకుండా పడి ఉంది. దాని డొక్కలోకి తల దూర్చి, కాళ్ళులేని సన్నటి పురుగొకటి తాపీగా పీలుస్తోంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ సన్నదాన్ని కోడి ముక్కు కిందనుంచి లాక్కున్నాను.

"ఏటే, పనిలేక పురుగుల్ని పెంచుతావా? కోడికి పారీ!" అంది అమ్మ.

"రహ్‌నే దో, ఉండనీ అమ్మా, ఒక్కటే కదా!"

ఐస్‌క్రీమ్ డబ్బాలో మొద్దు పొట్టు నింపి, దాన్ని అందులో వేసి అమ్మ వంటింటి గట్టు మీదే పెట్టాను. వెళ్ళినప్పుడల్లా ఒక లావు పురుగు వేసేదాన్ని. అమ్మ తిట్టుకుంటూనే పొట్టుకు తడి ఆరకుండా చూసింది. నెలలు గడిచాక అది తిండి మానేసి, గోధుమరంగు గుల్లగా బిగుసుకుపోయింది.

"సచ్చిపోనాది," అంది అమ్మ. నేనూ అలాగే అనుకున్నాను.

ఒక ఆదివారం ఆ గుల్ల తలమీది ముళ్ళతో పొట్టును తవ్వుకుంటూ పైకొచ్చి, నిటారుగా నిలబడింది. వీపు చీలింది. బయటికొచ్చింది ఈగ! నా చూపుడువేలంత ఈగ! రెండే రెక్కలు, పిండని తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. మేం చూస్తుండగానే అవి విచ్చుకుని గట్టిపడ్డాయి. కళ్ళలో పచ్చటి మెరుపు, ముఖం నిండా మీసాలు. చచ్చిన చెట్టు కడుపులో, వెలుగన్నది ఎరగకుండా, ఇంత చక్కదనం తయారవుతుందా! దేవుడి గదిలో కూడా నేనంత భక్తిగా నిలబడి ఎరగను. అమ్మ చేతులు జోడించేసింది.

కాసేపటికి అది రివ్వున లేచి, కిటికీలోంచి కొబ్బరిచెట్ల వైపు వెళ్ళిపోయింది.

"ఇది తిన్నాదంతా కొమ్ముపురుగు పిల్లల్నేనా?" అమ్మ మెల్లగా అడిగింది.

"అవునమ్మా. మొద్దులో ఉన్నన్నాళ్ళూ దాని తిండి అదే."

"మరైతే ఇన్నేళ్ళూ నాను కోళ్ళకేసీసినవాటిల్లో ఇలాటివెన్నున్నాయే?"

అమ్మ కళ్ళు తుడుచుకుని వాకిట్లోకి నడిచింది. ఎండ నడినెత్తిన ఉండగానే, మొద్దుల చుట్టూ కెలుకుతున్న కోళ్ళన్నిటినీ గూట్లోకి తోలి తలుపు వేసేసింది.