నీలం రంగు నీళ్ళు కాదట

పోర్టులో సరుకు దించడానికి ఒక పద్ధతి ఉంది. ఓడ కడుపులో నిలబడ్డవాడికి క్రేన్ నడిపేవాడు కనిపించడు. పైన అంచు మీద ఒక మనిషి నిలబడి చేత్తో సైగ చేస్తాడు. చెయ్యి దిగితే కొక్కెం కిందికి వస్తోందని, లేస్తే సరుకు పైకి లేస్తోంది, పక్కకు తప్పుకోమని. సరుకేమిటో, ఎటు పోతుందో మనకు అనవసరం. నా ఉద్యోగమంతా అలా ఇంకొకడి చెయ్యి చూస్తూనే గడిచింది. రిటైరయ్యాక అక్షరాలు నేర్చుకున్నాను గానీ ఆ అలవాటు పోలేదు. అదే నా పదో తరగతిని ముంచబోయింది.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఒక గది. సాయంత్రాలు అక్కడ మాలాంటి వాళ్ళకు ఓపెన్ స్కూల్ పాఠాలు చెబుతారు. గూడ్సు బండి వెళ్ళినంతసేపు పాఠం ఆగుతుంది. ఆ కాసేపూ అందరం చాలా తెలివైనవాళ్ళలా కనిపిస్తాం. మా ఆవిడ కూడా నాతోపాటే వస్తుంది. చిన్నప్పుడు ఊళ్ళో ఐదో తరగతి దాకా చదివింది. ఆ ఐదు తరగతులనూ పెళ్ళయిన నాటి నుంచి నా మీదే వాడుతోంది.

సైన్సు చెప్పే మేడం మా మనవరాలి వయసు పిల్ల. కంప్యూటర్ బొమ్మను గోడ మీద వేసి చూపిస్తుంది. నీలం రంగులో గిన్నె నీళ్ళు, అందులో ఎర్రటి గోళీలు. అవి అణువులట. వేడి పెంచితే గోళీలు గంతులేస్తాయి, ఇంకా పెంచితే గిన్నె దాటి ఎగిరిపోతాయి. చూడ్డానికి బాగుంటుంది. "అర్థమైందా?" అంటే అందరికంటే గట్టిగా "అయ్యిందమ్మా" అనేవాణ్ణి. ఓడలో మేస్త్రీ అడిగినా అంతేగా! కాలేదన్నవాడికి మర్నాడు పని ఉండేది కాదు.

ఆ పిల్ల గడుసుది. ఒకరోజు వస్తూనే, "అర్థమైందన్న మాట ఇక ఎవరూ అనకండి. ఈ వారం పరీక్షకు పేర్లు పంపాలి. ఎవరికి తెలిసిందో నాకు కనబడాలి, వాళ్ళ పేర్లే పంపుతాను," అంది. మనిషికి ఒక ఎర్ర అట్ట, ఒక పసుపు అట్ట ఇచ్చింది. తను మీట నొక్కకముందే ఏం జరుగుతుందో అట్ట ఎత్తి చెప్పాలట.

నాకు వచ్చింది ఆ "అయ్యిందమ్మా" ఒక్కటే. మా ఆవిడ పేరు ఎలాగూ వెళ్తుంది. ఆవిడ లోపల పరీక్ష రాస్తుంటే నేను గేటు బయట సంచి పట్టుకుని కూర్చోవాలి. అప్పుడు తోచింది: ఎత్తాల్సింది చెయ్యేగా! మా ఆవిడ చెయ్యి ఎటు లేస్తే నాదీ అటే. ప్రతిసారీ సరిపోయింది. "తాతగారు భలే పట్టేశారు!" అంది మేడం. నేను మీసం సవరించుకున్నాను. మా ఆవిడ ఓరగా చూసింది. ఆ చూపులో ఏముందో కనిపెట్టి ఉండాల్సింది.

"ఆవిరైతే గోళీలు పెద్దవవుతాయా, దూరం జరుగుతాయా? పెద్దవైతే ఎరుపు, దూరమైతే పసుపు," అంది మేడం.

మా ఆవిడ ఎర్ర అట్ట ఎత్తింది. నేనూ ఎత్తాను. నాది పైకి లేచిందో లేదో, ఆవిడ తనది దించేసి పసుపు ఎత్తింది. గదిలో ఎర్ర జెండా నాదొక్కటే.

వెనక నుంచి ఆటో నడిపే మా వీధి వాడు, "ఏటి బావా, బండి ఆపేత్తన్నావా?" అన్నాడు.

"ఎందుకు పెద్దవవుతాయి, తాతగారూ?" అంది మేడం.

ఓడిపోయాక కూడా ఊరుకుంటే నేనెలా అవుతాను? "బియ్యం ఉడికితే ఉబ్బదేటమ్మా? గోళీ మాత్రం ఎందుకు ఉబ్బదు?"

ఆ పిల్ల నవ్వలేదు. నన్ను గోడ దగ్గరకు పిలిచి గోళీని కొలవమంది. బొటనవేలు పెట్టి చూశాను. వేడి పెంచాక మళ్ళీ చూశాను. అంతే ఉంది.

"గోళీకీ గోళీకీ మధ్యలో ఏముంది?"

"నీళ్ళు. నీలంగా కనిపిత్తంది కదేటి!"

అందరూ గొల్లున నవ్వారు. మేడం మా ఆవిడ వైపు తిరిగి, "మరి మీరు చెప్పండి," అంది.

"నీళ్ళేనమ్మా," అంది మా ఆవిడ. నవ్వు ఆగిపోయింది. ఆటో వాడిదీ అదే మాట. సరైన అట్ట ఎత్తిన వాళ్ళందరిదీ అదే మాట.

మేడం నుదురు పట్టుకుంది. "ఆ నీలం నేను వేసిన రంగండీ! అందంగా ఉంటుందని వేశాను." రంగు తీసేసింది. చీకట్లో ఎర్ర గోళీలు మిగిలాయి. "మధ్యలో ఏమీ లేదు. ఈ గోళీలన్నీ కలిపితేనే నీళ్ళు. అందరూ ఎల్లుండి మీ మాటల్లో చెప్పండి. అట్టలుండవు."

ఆ రెండు రోజులూ గ్లాసు నీళ్ళు ఎత్తడం, వెలుగుకు పెట్టి చూడ్డం, తాగకుండా దించడం.

"తాగు మావా, గోళీలు గొంతుకి అడ్డపడవులే," అంది మా ఆవిడ.

"నువ్వు ఎర్రది ఎందుకెత్తినావే?"

"నా చెయ్యి నొప్పెడతంది, ఇద్దరి చదువూ నానే ఎత్తలేక!"

మూడో నాడు మేడం ముందు నిలబడి నాకు తెలిసిన పద్ధతిలో చెప్పాను. "ఓడ అడుగున కూలీలం ఇరుక్కుని ఉంటాం. అన్నం బెల్లు కొడితే జెట్టీ అంతా చెదిరిపోతాం. మనిషి లావెక్కడు, ఎడం పెరుగుతాది. ఆవిరీ అంతే."

"బాగుంది. మీ కూలీల మధ్య ఏముంటుంది?"

"దుమ్ము, గాలి."

"అణువుల మధ్య?"

నోటిదాకా వచ్చిన దుమ్మును మింగేశాను. "ఏటీ లేదమ్మా. నాకు నమ్మకం కుదరట్లేదు గానీ, ఏటీ లేదు."

"నాకూ చదువుకునే రోజుల్లో కుదరలేదు," అని నా పేరు రాసుకుంది.

పరీక్ష రోజు మా ఇద్దరికీ వేరు వేరు గదులు. సంచి గేటు దగ్గర దానంతటదే కూర్చుంది. నా గదిలో గోల ఎక్కువైతే, ఆపమని ఇన్విజిలేటర్ చెయ్యి పైకెత్తాడు. అందరూ నోరు మూశారు. నేను మాత్రం బల్ల మీంచి లేచి గబుక్కున పక్కకు తప్పుకున్నాను.

"ఏమయింది పెద్దాయనా?"

"ఏటీ లేదు బాబూ," అని కూర్చుని, ప్రశ్నపత్రం నా వైపు తిప్పుకున్నాను.