కుంచెకు అవతలి కొస

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మా వీధంతా మగ్గాల చప్పుడే. ఆ వీధిలో మా నానమ్మ అంత మొండిమనిషి ఇంకొకరు లేరు. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.

మా చిన్నబాపు షోలాపూరు మిల్లులో రాత్రి పాళీ పనికి పోయి, ఏడాది తిరక్కుండానే ఇల్లు చేరాడు. నిద్రపోయేవాడు కాదు. కంచం ముందు కూర్చుని, మాకు కనిపించని ఎవరికో జవాబులు చెప్పేవాడు. వీధివాళ్లు దయ్యమన్నారు. గొలుసు తెస్తాను, కట్టి మంత్రగాడి దగ్గరకు తీసుకుపోదామని పక్కింటి పెద్దాయన అంటే తాతయ్య కూడా తలూపాడు. నానమ్మ మాత్రం కొడుకు పక్కన కూర్చుని ఓపిగ్గా ఆరా తీసింది. అక్కడ కిరాయి గదిలో ఒక్కడే ఉన్నాడట. జ్వరమొస్తే నీళ్లిచ్చే దిక్కు లేదట. పగలు కునుకు పట్టేది కాదట.

"దయ్యం లేదు, ఏం లేదు. నా కొడుక్కు పాణం బాగలేదు. గొలుసు తెచ్చినోని చెయ్యి ఇరగ్గొడ్త," అంది. అది జబ్బేనని, దానికో పేరుందని మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

మర్నాడు మా మగ్గం పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పెట్టాలి. పొద్దున్నే వీధి పొడవునా నూలు సాగదీసి, దానికి అటొకరు ఇటొకరు నిలబడి, గంజి పోగులకు పట్టేలా పొడవాటి కుంచెను చెరో కొస పట్టి కలిసి లాగుతూ నడవాలి. ఆగితే గంజి ఆరి పోగులు అంటుకుపోతాయి. నానమ్మ ఒక కొస చిన్నబాపు చేతికిచ్చింది. రెండో కొస పట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆడవాళ్లు కుంచె పట్టే ఆనవాయితీ మా వీధిలో లేదు. ఆమె కొంగు బిగించి తానే పట్టింది.

సగం దూరంలో చిన్నబాపు ఆగి పక్కకు చూశాడు. నానమ్మ కూడా ఆగింది.

"ఏమంటుండు రా?"

"నన్ను ఎల్లిపొమ్మంటుండు, అవ్వా."

"నేను ఉండుమంటున్న. పట్టు బిడ్డా, గంజి ఆరుతుంది."

ఆయన నడిచాడు. గొలుసు తెస్తానన్న పక్కింటి పెద్దాయనే చెంబుతో నీళ్లు తెచ్చి, ఆరుతున్న చోట చల్లాడు. గొలుసు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

చిన్నబాపుకు ఆ గొంతులు పూర్తిగా పోలేదు. దవాఖానకు తిప్పాం, నిద్ర చెడకుండా చూసుకున్నాం. బాగాలేని రోజులూ గడిచాయి. కానీ ఆయన బతికినన్నాళ్లూ, ఎవరింట గంజి పెట్టినా ఆయనకు పిలుపు వచ్చేది.

ఇప్పటికీ మా పిల్లల్లో ఎవరైనా నిద్రలేని కళ్లతో, మాట తగ్గించి కనిపిస్తే, నేను వెళ్లి పక్కన కూర్చుంటాను. నిద్ర పడుతుందా బిడ్డా అని అడుగుతాను. డాక్టరు దగ్గరకు తోడు వెళ్తాను. అవతలి కొస పట్టుకోవడం ఆ రోజు నుంచి మా ఇంటి ఆడవాళ్ల పని.