తొమ్మిదో ఖానా

రామచంద్రం సేటు దేన్నైనా భరిస్తాడు గానీ ఖాళీగా వదిలేసిన ఖానాను మాత్రం భరించలేడు. కాగితం మీద పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, చిరునామా అని అచ్చువేసి కనపడితే చాలు, కేసముద్రంలోని ఆయన దుకాణం ముందు ఉప్పుకూ పప్పుకూ ఎంతమంది నిలబడి ఉన్నా సరే, ముందు ఆ ఖానాలు నిండాల్సిందే. కాగితం తనదే కానక్కర్లేదు. బ్యాంకులో పక్కవాడి ఫారం లాక్కుని నింపి ఇచ్చిన చరిత్ర కూడా ఆయనకుంది.

ఈ జబ్బు సంగతి భార్య సులోచనకు పెళ్లిచూపుల నాడే తెలిసింది. "పేరు?" అన్నాడు. చెప్పింది. "తండ్రి పేరు?" అన్నాడు. పక్క కుర్చీలో కూర్చుని సకినాలు నములుతున్న ఆమె తండ్రి "నేనే నాయినా, ఇక్కడనే ఉన్న" అని చెయ్యెత్తాడు. అప్పుడే లేచి లోపలికి పోవాల్సిందని సులోచన ముప్పై రెండేళ్లుగా అంటూనే ఉంది.

ఒకసారి చిల్పూరు గుట్ట మీద అర్చన చేయించారు. పూజారి గోత్రం అడిగితే ఈయన తండ్రి పేరు, ఇంటి నంబరుతో మొదలుపెట్టి పిన్‌కోడ్ దాకా చెప్పాడు.

"దేవునికి పిన్‌కోడ్ ఎందుకు సేటు?" అన్నాడు పూజారి.

"ఇచ్చిన వరం ఇంకో రామచంద్రం ఇంటికి పోతే జిమ్మేదారి ఎవలిది?"

చెప్పు ఎత్తుకుపోయిన కుక్క మీద కూడా ఫిర్యాదు రాశాడు. పేరు: రాజు. తండ్రి పేరు: వీధిలో విచారణ జరుగుతున్నది.

అటువంటి మనిషి ఇంటికి మొన్న ఎండాకాలంలో కరెంటు వచ్చింది.

వీధిలో పాత తీగలు తీసేసి కొత్త నల్ల కేబుల్ వేసే పని ఎవరో కాంట్రాక్టరుకు ఇచ్చారు. పదకొండు గంటలకు పని అయిందన్నారు, కరెంటు వదిలారు. మామూలుగా రావాల్సినంత వస్తే సరిపోయేది. ఇన్నేళ్లు పెట్టిన కోతల బాకీ అంతా ఒక్క నిమిషంలో తీర్చేద్దామనుకుందో ఏమో, రెండింతలు వచ్చింది. వేరే ఇళ్లకు రాలేదు, మలుపులో స్తంభం నుంచి రామచంద్రం ఇంటికీ, ఇంటి ముందరి దుకాణానికీ మాత్రమే వచ్చింది. టీవీ టప్పుమంది. ఫ్రిజ్ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. కరెంటు లేనప్పుడు ఆదుకుంటుందని కొన్న ఇన్వర్టర్ కరెంటు వల్లనే చచ్చిపోయింది. దుకాణంలోని కాంటా ఒక్కటి కొన ఊపిరితో మిగిలి, ఏది పెట్టినా ఎనభై ఎనిమిది కిలోలు చూపించింది. చింతపండు పెట్టినా అంతే, చిటికెన వేలు పెట్టినా అంతే.

సులోచన ఫ్రిజ్ ముందు కూలబడింది. రామచంద్రం ముఖం మాత్రం పెళ్లికొడుకు ముఖంలా వెలిగింది.

"నష్టపరిహారానికి ఫారం ఉంటది గద!" అన్నాడు.

ఉంది. ఇరవై రెండు ఖానాలు. కరెంటు ఆఫీసు వాళ్లు తెలివైనవాళ్లు. 'కాలక ముందు వస్తువు పనిచేసినట్లు రుజువు' అని కూడా ఒక ఖానా పెట్టారు. చచ్చినవాడు అంతకుముందు బతికే ఉన్నాడని రుజువు తెమ్మన్నట్టు. రామచంద్రం వెనుదీయలేదు. 'ప్రతిరోజు సాయంత్రం ఏడు గంటలకు నా భార్య సదరు టీవీ ముందు ఏడ్చేది. సాక్షులు: ఇరుగుపొరుగు' అని రాశాడు.

చిక్కంతా తొమ్మిదో ఖానాతో వచ్చింది. 'నష్టమునకు కారకుని పేరు, తండ్రి పేరు, చిరునామా.' ఆయన కాంట్రాక్టరు కంపెనీ పేరు రాసి పట్టుకుపోతే ఇంజనీరు సారు వెనక్కి తోశాడు.

"కంపెనీకి తండ్రి పేరు ఎక్కడుంటది సేటు? తీగ ముట్టిన మనిషి ఎవలో రాయుండ్రి. పదిహేను దినాలల్ల మీ పని అయితది."

ఆ మధ్యాహ్నం తొమ్మిదో ఖానా ఖాళీగా ఉండిపోయింది. ఆయనకు ముద్ద దిగలేదు.

"ఆ ఖానా సంగతి పక్కకు పెట్టి ఈ ఖానా తినుండ్రి," అని సులోచన కంచం ముందుకు తోసింది.

అప్పుడే తీగ ముట్టిన మనిషి తనంతట తనే గడప దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. కాంట్రాక్టరు దగ్గర రోజుకూలికి స్తంభాలెక్కుతాడు.

"తప్పు నాదే సేటు," అన్నాడు.

రామచంద్రం చెయ్యి కడుక్కుని కలం తీశాడు. "పేరు?"

"ధర్మా."

"తండ్రి పేరు?"

"అమర్‌సింగ్. కొత్తగూడ దిక్కు తండా మాది."

"ఎట్లయింది?"

"కొత్త కేబుల్ల తీగలన్నీ నల్లగనే ఉంటయి సేటు. ఏది ఏందో ఎరుకయ్యేతందుకు మీద సన్నగ గీతలుంటయి, చేతితోని తడిమి చూడాలె. ఆరు నెలల సంది గ్లౌజులు అడుగుతున్నం. గా దినమే ఇచ్చిండ్రు. గ్లౌజులకెల్లి గీతలు తెల్వలే, ఒక తీగ బదులు ఇంకోటి కలిపిన."

"కింద చూసెటోళ్లు ఎవలున్నరు?"

"ఎవ్వలు లేరు. నలుగురి పని ఒక్కణ్ణే చేసిన." ధర్మా తల దించుకున్నాడు. "ఆఫీసుకు నా పేరు పోతే రేపటి సంది స్తంభం ఎక్కద్దన్నడు కాంట్రాక్టరు. ఇంట్ల చిన్న బిడ్డ ఉన్నది. అట్లని అబద్ధం రాయుమని అంటలేను సేటు. జరిగింది చెప్పి పోదామని వచ్చిన."

సులోచన కుండలోంచి చల్లటి నీళ్లు ముంచి ఇచ్చింది. అతను తాగి వెళ్లిపోయాడు. అతను మలుపు తిరగగానే ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ఆ పిలగాని పేరు రాయకుండ్రి."

"ఖానా ఖాళీ పెట్టుమంటవా?"

"పెడితే ఏమైతది? భూమి బద్దలైతదా?"

"పుట్టి బుద్ధెరిగినంక ఒక్క ఖానా ఖాళీ పెట్టలే. గిప్పుడు పెట్టుమంటవా?" అని ఆయన అంగీ తొడుక్కుని, ఫారం పట్టుకుని ఆఫీసుకు వెళ్లిపోయాడు.

సులోచన మూడు వారాలు మాట్లాడలేదు. వంట మాత్రం మానలేదు. కూరలో ఉప్పు మానేసింది. ఉప్పు బస్తాలు అటక దాకా పేర్చిన ఇంట్లో ఆ ఉప్పు వ్యాపారి సప్పిడి కూర మారుమాట లేకుండా తిన్నాడు. మధ్యలో ఒకరోజు ధర్మా పక్క వీధి స్తంభం మీద నుంచి "బాగున్నవా అమ్మా" అని కేకేశాడు. ఇంకా పనిలోనే ఉన్నాడా అని ఆమె ఆశ్చర్యపోయి, ఆఫీసులో కాగితం కదలడానికి టైం పడుతుంది కదా అని సర్దిచెప్పుకుంది.

నాలుగో వారం జవాబు వచ్చింది. ఆయన దుకాణంలో ఉంటే ఆమే కవరు చింపింది. పైన ఆయన నింపిన ఫారం నకలు ఉంది. గుండె చిక్కబట్టుకుని తొమ్మిదో ఖానా చూసింది.

పేరు: ఉడుత. తండ్రి పేరు: పెద్ద ఉడుత. వయసు: సుమారు రెండేండ్లు. వృత్తి: ఎక్కుట, దిగుట. చిరునామా: మలుపు స్తంభం. గుర్తింపు చిహ్నములు: వీపు మీద మూడు గీతలు.

కింద ఆఫీసు వారి జవాబు. ఉడుత అనగానే అక్కడ పండుగ అయి ఉంటుంది. ఉడుతకు మెమో ఇవ్వక్కర్లేదు, ఉడుత యూనియన్ పెట్టదు. 'విచారణ జరిపించగా, మలుపు స్తంభముపై సదరు ఉడుత తిరుగుట వాస్తవమని తేలినది. జంతువుల వలన కలిగిన నష్టమునకు మేము బాధ్యులము కాము. అటవీ శాఖ వారిని సంప్రదించగలరు.'

సులోచనకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే మొగుడి మీద ముప్పై రెండేళ్లలో ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. దాన్ని కొంగులో దాచుకుని, ముఖం గంటు పెట్టుకుని దుకాణంలోకి నడిచింది.

"ఉడుత మీద కేసు పెట్టిన రాముడు లోకంల మీరొక్కలే."

"ఖానా ఖాళీ పెట్టలే గద," అన్నాడాయన తలెత్తకుండా.

"మరి ఫ్రిజ్జు?"

"కుండనీళ్లు మంచియని డాక్టర్లే అంటున్నరు."

"నాతోనన్న చెప్పకపోయిండ్రు? మూడు వారాలు సప్పిడి కూర తింటిరి!"

"నీకు చెప్తే పొద్దూకేవరకు కేసముద్రమంత ఎరుకైతది. ఆ పిలగాని కూడు పోతది."

అది నిజమే మరి. అప్పుడు చూసింది సులోచన, ఆయన ముందు మరో కొత్త ఫారం పరిచి ఉంది.

"గిదేంది?"

"అటవీ శాఖది. ఆఫీసోళ్ల జవాబు గిట్లనే వస్తదని ఎరుకే, ముందుగాలనే తెప్పిచ్చిన. పద్నాలుగు ఖానాలు." ఆయన గొంతులో సంతోషం ఆగలేదు. "పదమూడు నిండినయి. జంతువును కండ్లార చూసిన సాక్షి కావాల్నట. పెట్టు సంతకం."

"నేనెప్పుడు చూసిన ఉడుతను?"

"పెట్టు. పెట్టినంక యాదికొస్తది."

సులోచన కలం అందుకుని సంతకం పెట్టింది. పేరు, పక్కన తండ్రి పేరు, పెళ్లయినాక భర్త పేరు, పిన్‌కోడ్, ఏదీ వదలలేదు. కలం మూత పెట్టబోతూ ఒక్క క్షణం ఆగింది.

"ఔనండి," అంది. "తోక జర పొట్టిగ ఉండె."

రామచంద్రం గబగబా రాసుకున్నాడు.