ఇరవై ఆరు గేట్లు

ఆవిడ ఉత్తరాలు పంచే మనిషి. పంతొమ్మిదేళ్ళుగా అవే వీధులు, అవే మెట్లు, అవే కుక్కలు. వీధి పిల్లలు పోస్టత్త అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. పొద్దున ఆరింటికి ఆఫీసులో ఉత్తరాలు వీధివారీగా సర్దుకుని, సంచి భుజాన వేసుకుని, మధ్యాహ్నం రెండు దాకా తిరుగుతుంది. ఇంటికొస్తే అత్తగారి కళ్ళల్లో మందు చుక్కలు వెయ్యాలి. కుట్టుమిషన్లు బాగుచేసే మొగుడు ముందుగది నిండా పరిచిన మరలు తొక్కకుండా వంటింట్లోకి చేరాలి. పద్నాలుగేళ్ళ కూతురు బడి నుంచి నాలుగున్నరకు వస్తుంది. ఆలోగా దొరికిన కాస్త సమయంలో పోస్టత్త బూట్లు మార్చుకుని ఊరి వెనకున్న కొండమీదికి పరుగెత్తుతుంది.

“పొద్దుట్నుంచీ నడిచింది చాల్లేదా? ఆ కాళ్ళేమన్నా అద్దెకు తెచ్చావా, సాయంత్రంలోగా తిరిగిచ్చెయ్యడానికి?” అంటుంది అత్తగారు.

పోస్టత్త నవ్వి బూట్ల తాళ్ళు బిగించుకుంటుంది. కింద వీధుల్లో వేసే ప్రతి అడుగూ ఎవరో ఒకరి కోసం. కొండదారిలో అడుగు మాత్రం తనది. అక్కడ ఎండ గడ్డిమీద పడుకుని ఉంటుంది. గాలి ఎటు పోవాలో తేల్చుకోలేక అక్కడక్కడే తచ్చాడుతూ ఉంటుంది. అరగంట గడిచాక తను పరుగెత్తుతోందో, కొండే మెల్లగా వెనక్కి జరుగుతోందో ఆవిడకు తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు.

ఏటా ఒకసారి ఆ కొండల మీద అరవై కిలోమీటర్ల పందెం జరుగుతుంది. ఉదయం ఆరుకు బయలుదేరి సాయంత్రం ఆరులోగా చేరాలి. నిమిషం దాటినా పేరు రాసుకోరు. పోస్టత్త మూడుసార్లు పరుగెత్తింది. మొదటిసారి పదిహేను నిమిషాలు ఆలస్యం, తర్వాత తొమ్మిది, పోయినేడు నాలుగు. చూడ్డానికి కూతురు ఎప్పుడూ రాలేదు. పోయినేడు ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటుంటే ఆ పిల్ల పుస్తకంలోంచి తలెత్తకుండానే, “ఈసారి కూడానా అమ్మా?” అంది. వెటకారమైతే పోస్టత్త తిప్పికొట్టేదే. అది జాలి. తిన్నగా వచ్చి గుండెలో దిగింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తను ఆరులోగా ఆఖరి గీత దాటడం కూతురు కళ్ళారా చూడాలి. మోకాలు ఇక ఒప్పుకునేలా లేదు. ఈ ఏడే ఆఖరని ఇంట్లో చెప్పేసింది.

పందెం దారి గొర్రెల మేతభూముల గుండా పోతుంది. మొత్తం ఇరవై ఆరు ఇనుప గేట్లు. తీసిన గేటు మూసి వెళ్ళండని పొద్దున్నే మైకులో చెబుతారు. అందరూ బుద్ధిగా తలూపి, మొదటి గేటు దగ్గరే ఆ మాట గాలికొదిలేస్తారు. పోస్టత్తకు అలా కుదరదు. ఉత్తరాలు పంచేవాళ్ళు గేటు తెరిచి వదిలేస్తే ఒక ఇంట్లోంచి కుక్క బయటపడుతుంది, ఇంకో ఇంట్లోంచి అప్పుడే నడక నేర్చిన పసిబిడ్డ. ఆ భయం మీదే పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం గడిచింది. అందుకని ఆవిడ ఆగుతుంది. నేలకు రాసుకునే గేటును ఎత్తిపట్టి, గడియ వేసి, పడిందో లేదో లాగి చూస్తుంది. ఒక్కోదానికి అర నిమిషం పైనే పడుతుంది. ఆ నిమిషాలు ఎటు పోతున్నాయో ఆవిడకే ఎప్పుడూ తట్టలేదు.

ఈసారి పందెం మొదలైన ఎనిమిదో గంటకు లోకం మెత్తబడిపోయింది. కాళ్ళు ఎవరివో అయ్యాయి. మబ్బు నీడలు కొండ దిగి పక్కనే నడిచాయి. పోస్టత్త మనసులోనే తన వీధులు తిరిగింది. పచ్చ తలుపు ఇల్లు, మేడమీద సంగీతం మాస్టారి ఇల్లు, ఎప్పుడూ ఉత్తరాలు రాని మూల ఇల్లు. ఆ మూల ఇంటికి ఇవాళ ఒక ఉత్తరం వచ్చినట్టు, తనే తీసుకెళుతున్నట్టు తోచింది. అలా తేలిపోతూ ఆఖరి నీళ్ళబల్ల దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా కూతురు.

నీళ్ళు అందించడానికి బడి నుంచి పంపిన పిల్లల్లో తనూ ఉంది. అమ్మకు నీళ్ళిచ్చి, అడ్డదారిన గీత దగ్గరికి పోయి చూడాలని ఆ పిల్ల ఆలోచన. కానీ పైన వాలులో గేటు దగ్గర అమ్మ చేసిందంతా చూసింది. టైము అయిదూ నలభై రెండు. ఇంకా రెండు కిలోమీటర్లు ఉంది.

“అమ్మా, అన్ని గేట్లూ ఇలాగే మూసుకుంటూ వచ్చావా?”

“మూయొద్దూ మరి? గొర్రెలు పోతే?”

“మూడేళ్ళూ ఇంతేనా?”

పోస్టత్త గ్లాసు దించి ఆలోచించింది. “ఏమోనే. గేటన్నాక మూస్తాం కదా.”

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఇంకా ఎన్నున్నాయి?”

“అయిదు.”

“నువ్వు తీసుకుంటూ పో. వెనక నేను మూస్తా.”

“గడియ సరిగ్గా పడకపోతే...”

“అమ్మా! నువ్వు పోతావా, తొయ్యమంటావా?”

పోస్టత్త కదిలింది. మొదటి గేటు తీసి వదిలేస్తుంటే చెయ్యి అక్కడే ఉండిపోయినట్టయింది. పది అడుగులు వేసేసరికి వెనక టంగుమని గడియ పడింది. తన చెయ్యి పడకుండా గేటు మూసుకోవడం పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. వీపు మీంచి సంచి ఎవరో దించినట్టనిపించింది. రెండో గేటు చప్పుడు కాస్త దూరంగా, మూడోది ఇంకా దూరంగా వినిపించాయి. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. ఎండ వాలింది. మోకాలు ఏడుస్తూనే ఉంది, ఆవిడ పట్టించుకోలేదు.

గీత దాటేసరికి అయిదూ యాభై తొమ్మిది. ఎవరో పేరు రాసుకున్నారు, ఎవరో చప్పట్లు కొట్టారు. పోస్టత్త గుంపులో ప్రతి ముఖమూ వెతికింది. కూతురు లేదు.

అయిదు నిమిషాల తర్వాత వచ్చింది, రొప్పుతూ, అరచేతుల నిండా తుప్పుతో.

“చూశావా?” అంది పోస్టత్త.

“లేదమ్మా. ఆఖరి గేటు మట్టిలో దిగబడిపోయింది. ఎంత లాగినా రాదే! వదిలేసి వస్తే ఎలా అని...” ఆ పిల్ల ఊపిరి అందక ఆగింది. “చేరావా?”

ఏడాది పొడుగునా పోస్టత్త కోరుకున్నది జరగలేదు. అయినా తన బతుకులో ఇంత సంతోషం ఎప్పుడూ ఎరగదు. కూతురి తుప్పు చేతులు రెండూ పట్టుకుని, చేరానని తలూపింది.