నరసింహస్వామి దగ్గర కుడికి

నారాయణగూడలో పాత పుస్తకాలమ్మే దుకాణం ఒకటి ఉండేది. మావారు ఆఫీసు నుంచి వస్తూ అక్కడ ఆగారంటే ఇంటికి ఏదో ఒక ఉపద్రవం వచ్చేది. ఒకసారి ఆసనాల పుస్తకం వచ్చి ఆయన నడుం పట్టేసింది. ఇంకోసారి పుట్టగొడుగుల పెంపకం వచ్చి రెండు నెలలు మా స్నానాల గది మాకు కాకుండా పోయింది. ఈసారి అట్ట ఊడిన ఫారిన్ పత్రిక వచ్చింది. అందులో ఎవరో దొరా దొరసానీ కారేసుకుని ఒక నేషనల్ పార్కు దగ్గర బయలుదేరి, వైన్ చేసే ద్రాక్షతోటల దాకా వెళ్ళారట. పది పేజీలు, అన్నీ రంగుల బొమ్మలు.

"మనకేం తక్కువ?" అన్నారు మావారు, చెప్పులైనా విప్పకుండా. "వనస్థలిపురంల జింకల పార్కున్నది, అది గూడ నేషనల్ పార్కే. శామీర్‌పేట దిక్కు ద్రాక్షతోటలున్నయి. పార్కు సంది వైన్ దేశం దాక పోదాం."

వంటింట్లో మా అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. మద్యనిషేధం ఉన్న రోజులవి. వైన్ షాపులన్నీ మూతపడ్డాయన్న సంతోషంతో ఆవిడ శనివారానికి తోడు మంగళవారం కూడా ఉపవాసం మొదలుపెట్టి ఉంది.

"వైన్ అంటవేందిరా? పోలీసోళ్ళు పట్కపోతరు!"

"ద్రాక్షపండ్లమ్మా. పండ్లు."

"గట్ల చెప్పు మరి," అని ఆవిడ నావైపు తిరిగింది. "మావోడు మందు వాసన గూడ జూడడు." నేనేమీ అడగలేదు.

నిజం చెప్పాలంటే నాకు జింకలూ వద్దు, ద్రాక్షలూ వద్దు. నాకు కావలసింది స్టీరింగు. నలభయ్యో ఏట నారాయణగూడ డ్రైవింగ్ స్కూల్లో నెల రోజులు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. అప్పటికి పది నెలలు. లైసెన్సు నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది, మా సెకండ్ హ్యాండ్ ఫియట్ తాళంచెవి ఆయన జేబులో ఉండేది. ఈ రెండూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు. అడిగినప్పుడల్లా ఒక సాకు. వాన. ట్రాఫిక్కు. క్లచ్చు ప్లేటు. ఒకరోజైతే రాహుకాలం అన్నారు, పంచాంగం ముట్టని మనిషి! నాకు ఒళ్ళు మండిపోయేది. బజారుకు నడిచి వెళ్తూ మనసులోనే గేర్లు మార్చుకునేదాన్ని.

"జింకల పార్కు దాక మీరు నడపండి. అక్కడి సంది నేను," అన్నాను ఆ రాత్రి భోజనాల దగ్గర.

"దారి తెల్వనోళ్ళు స్టీరింగు పట్టొద్దు," అన్నారాయన పెరుగు కలుపుకుంటూ. "దారి నేర్చుకో, అప్పుడు ఇస్త."

అత్తగారు కూడా విన్నది. నాకదే చాలు.

ఆదివారం కల్లా ప్లాను తయారైంది. కార్బన్ పెట్టి మూడు కాపీలు తీశారు. ఒకటి ఆయనకు, ఒకటి నాకు, ఒకటి బీరువా తలుపుకు. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! అందులో అన్నీ ఉన్నాయి. 'జింకల వీక్షణ: నలభై నిమిషాలు.' 'పులిహోర: పదిహేను నిమిషాలు.' ఆ కింద దారి. 'వెంకటేశ్వర దగ్గర ఎడమకు. దుర్గ దాటాక తిన్నగా. నరసింహస్వామి దగ్గర కుడికి. అక్కడ మిర్చి బజ్జీలు బాగుంటాయి, కాసేపు ఆగాలి.'

అత్తగారికి నేను చదివి వినిపించాను. ఆవిడ కళ్ళు చెమర్చాయి. "దారి పొడుగూతా గుళ్ళేనారా కొడుకా? నా బంగారుకొండ!"

మావారికి పొరపోయింది. నీళ్ళు తాగించాను. ఆవిడ అప్పుడే గుడికొకటి చొప్పున మూడు కొబ్బరికాయలు, ఒక అగరొత్తుల కట్ట సంచిలో పెట్టేసింది.

నేను ఆ కాగితాన్ని ఎక్కాల్లాగా బట్టీ పట్టాను. అయినా ధైర్యం చాలక చిక్కడపల్లి మార్కెట్లో ద్రాక్షపళ్ళ బండి దగ్గర ఆగాను. ఆ బండి ఆమెది మహబూబ్‌నగర్ దిక్కు. మామూలు రోజుల్లో ఇళ్ళు కట్టే పనికి పోయేది, ద్రాక్షల కాలంలో పొద్దున్నే లారీ ఎక్కి శామీర్‌పేట తోటకు పోయి పళ్ళు తెచ్చుకునేది. మా ఇద్దరిలో ఎవరు పెద్దో తేలక ఒకరినొకరం అక్కా అనుకునేవాళ్ళం.

"గుళ్ళా? ఆ దారిల నాకేం గుళ్ళు కానరాలే అక్కా," అన్నది.

పాపం, భక్తి తక్కువ అనుకున్నాను.

"నాకు తెల్సింది చెప్త విను. రైలు గేటు దాటినంక నీళ్ళ టాంకి. టాంకి కాడ ఎడమకు మర్రు. కంకర మిషను కనపడ్తది, దుమ్ము లేస్తది. దాన్ని పట్టుకొని పో. తోట ఎదురొస్తది." తూకానికి పైన ఇంకో గుత్తి వేసి, "నువ్వే నడుపుతవా? జర భద్రం!" అని పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. నేను నడుపుతానని నమ్మిన మొదటి మనిషి ఆమే.

ఆ పై ఆదివారం పొద్దున్నే అశోక్‌నగర్‌లో మా ఇంటి నుంచి బయలుదేరాం. జింకల వీక్షణ పదకొండు నిమిషాల్లో ముగిసింది. మూడు జింకలు మాకు వీపులు చూపించి పొదల్లోకి పోయాయి. కారు దగ్గర నేను చెయ్యి చాపాను. "వెంకటేశ్వర దగ్గర ఎడమకు. దుర్గ దాటాక తిన్నగా," అని మొదలుపెట్టాను.

"ఇయ్యాల నేను నడుపుత, నువ్వు చూసి నేర్చుకో," అని ఆయన ముందు సీట్లో కూర్చుని తలుపేసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. అత్తగారి ముందు ఏడవడం ఇష్టం లేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఉప్పల్ దాటాక ఒకచోట, "ఇదే వెంకటేశ్వర," అని ఎడమకు తిప్పారు. అత్తగారు గబుక్కున దండం పెట్టుకుంది. ఆమె దండం పెట్టిన దిక్కున నాకొక మూసిన షట్టరు కనిపించింది. గుడి లోపలెక్కడో ఉంటుందనుకున్నాను. దుర్గ ఎంతకీ రాలేదు. నరసింహస్వామి అసలే రాలేదు. మిట్టమధ్యాహ్నం ఒకే రైలు గేటు దగ్గరకు మూడుసార్లు వచ్చాం. ఆయన చొక్కా తడిసిపోయింది. "ఇక్కడనే ఉండాలె... బోర్డు ఉండాలె గదా..." అని గొణుగుతున్నారు.

మూడోసారి అత్తగారు సంచి పట్టుకుని దిగింది. గేటు పక్కన అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయనను అడిగింది. "అన్నా, ఈడ నర్సింహస్వామి యాడ?"

"నర్సింహస్వామి వైన్సా? ఎన్నడో బందయిందమ్మా. బోర్డు గూడ పీకిండ్రు. ఇప్పుడు సిమెంటు అమ్ముతుండ్రు."

ఆవిడ సంచి ఇంకో చేతికి మార్చుకుంది. "దుర్గనో?"

"అది గూడ వైన్సే."

"మరి ఎంకటేశ్వర?"

"అది పెద్ద వైన్సు తల్లీ. లోపల కూసోనికి జాగ గూడ ఉండె."

నేను చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. మావారు స్టీరింగు మీద తల పెట్టేశారు. అత్తగారు కారు దగ్గరకు వచ్చి, సంచిలో కొబ్బరికాయల వంక చూసి, కొడుకు వంక చూసింది.

"ఆఫీసోళ్ళతోని ఇన్‌స్పెక్షనుకు వచ్చేటోన్నమ్మా," అన్నారాయన తల ఎత్తకుండా. "వాళ్ళు తాగుతుండిరి. నేను సోడా."

"షట్టరుకు దండం బెట్టిచ్చినవు గదరా నాతోని!" అన్నది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించి, "దిగు," అన్నది.

"ఎందుకమ్మా?"

"దారి తెల్వనోళ్ళు స్టీరింగు పట్టొద్దని నువ్వే అంటివి గదా. దిగు. బిడ్డా, నీకు తెలుసా దారి?"

"తెలుసత్తమ్మా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గేటు దాటినంక నీళ్ళ టాంకి. టాంకి కాడ ఎడమకు."

ఆయన దిగారు. తాళంచెవి బండికే ఉంది. నేను కూర్చున్నాను. సీటు ముందుకు జరుపుకున్నాను. చేతులు పవిటకు తుడుచుకున్నాను. అత్తగారు ఒక కొబ్బరికాయ తీసి, ఫియట్ ముందు రోడ్డు మీద ఠపీమని పగలగొట్టింది. నీళ్ళు ముందు చక్రం మీద పోసింది. ఆవిడ నాకోసం కొబ్బరికాయ కొట్టడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదలు. నా కళ్ళు మసకబారితే, "ముందు కండ్లు తుడుసుకో, రోడ్డు కనపడాలె," అన్నది.

రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి బండి కదిలింది. "మెల్లగ... క్లచ్చు..." అన్నారు మావారు వెనక సీట్లోంచి.

"నువ్వు నోర్మూసుకొని కొబ్బరి తిను," అన్నది వాళ్ళమ్మ, ఒక చిప్ప ఆయన ఒళ్ళో పడేసి.

గేటు దాటగానే నీళ్ళ టాంకి కనిపించింది. నేను ఎడమకు తిప్పాను.